పాత తుడుపు

ఇంట్లో అందరూ ఆమెను గాభరా అనే పిలుస్తారు. ఆ పేరు నిలబెట్టుకోవడంలో ఆమె ఏ రోజూ లోటు చేయలేదు. ఆ మధ్యాహ్నం మాత్రం కారణం ఉంది. రేపు పొద్దున పెద్దమ్మకు గొంతు ఆపరేషన్. ఆ తర్వాత మాట ఉండదని డాక్టర్ తేల్చి చెప్పేశాడు. అందుకే గాభరా తన చిన్న రికార్డింగ్ గదిలో పెద్దమ్మను కూర్చోబెట్టి, వారం రోజులుగా కథలు చదివిస్తోంది.

ఇంతలో డిస్కు నిండిపోయింది. కథలకు రెండో కాపీ తీయాలంటే జాగా కావాలి. పాత రికార్డింగులు చెరపడానికి ఆమె షెల్‌లో, అంటే టైపు చేసిన ఆజ్ఞల్ని కంప్యూటర్‌తో చేయించే ప్రోగ్రాంలో, ఒక ఫంక్షన్ రాసుకుంది, పేరు తుడుపు. నల్ల తెర మీద ఆ పేరు కొట్టి ఎంటర్ నొక్కితే అన్నిటినీ ఊడ్చేస్తుంది. గాభరా ఆ ఫంక్షన్ ఉన్న ఫైలు తెరిచి, పెద్దమ్మ ఫోల్డర్ జోలికి పోవద్దని ఒక లైను చేర్చి సేవ్ చేసింది. మళ్ళీ తెరిచి చూసుకుంది. లేచి నీళ్ళు తాగొచ్చి మళ్ళీ చూసుకుంది. అప్పుడు, పొద్దుటి నుంచీ తెరిచే ఉన్న ఆ నల్ల తెర మీద తుడుపు అని కొట్టింది.

అనుకున్న దానికన్నా ఎక్కువ జాగా ఖాళీ అయింది. షెల్ బుర్రలో ఏముందో చూపించమని డిక్లేర్ మైనస్ ఎఫ్ తుడుపు అని కొట్టింది. పాత ఫంక్షనే వచ్చింది, కొత్త లైను లేదు. ఫైలైతే మార్చింది గానీ, దాన్ని మళ్ళీ చదువుకోమని షెల్‌కు చెప్పనే లేదు. చెప్పకపోతే తనంతట తాను తెలుసుకునే రకం కాదది. అక్కడ చెత్తబుట్ట కూడా ఉండదు, పోయిందంటే పోయినట్టే. తన మీద తనకే అసహ్యం వేసింది.

పెద్దమ్మ మైకు ముందే కూర్చుని టీ తాగుతోంది.

“పెద్దమ్మా, నీ కథలన్నీ పోయాయి. నా చేతులతో నేనే చెరిపేశాను.”

పెద్దమ్మ గ్లాసు కింద పెట్టింది. “మొత్తమా?”

“మొత్తం. సాయంత్రం దాకా టైముంది. ఓపికుంటే ఒక్క కథైనా...”

“లేదే. ఇవాళ్టికి మిగిలిన గొంతు మీ పెదనాన్నది. పెళ్ళయిన దగ్గర్నుంచీ తేలని తగాదాలున్నాయి మాకు. రేపట్నుంచి ఆయనదే పైచేయి కదా.”

గాభరా నవ్వబోయి ఏడ్చేసింది. పెద్దమ్మ పెదనాన్నకు ఫోన్ కలిపి, పొయ్యి మీద పాలు మర్చిపోయారా అని మొదలుపెట్టింది. గాభరా చెయ్యి రికార్డింగ్ బటన్ మీదికి పోయింది.

పెద్దమ్మ ఫోనుకు అరచెయ్యి అడ్డం పెట్టింది.

“అది నొక్కకే. నొక్కావంటే ఆయనతో చక్కగా మాట్లాడాల్సి వస్తుంది.”

గాభరా మైకు తీగ పీకేసి, కుర్చీ దగ్గరికి లాక్కుని వింటూ కూర్చుంది.