అనానిమస్

పొద్దున ఆరు దాటాక తహసీన్ నీళ్ళు తాగదు. అత్తమామలకు చాయ్, భర్తకు పరోటాలు, కూతురికి డబ్బా సర్దేసరికి గొంతు పిడచకట్టుకుపోతుంది. అయినా తాగదు. రేపల్లెలో రైలెక్కి తెనాలిలో కాలేజీకి వెళ్ళి, సాయంత్రం మళ్ళీ ఇల్లు చేరేదాకా ఎక్కడికీ వెళ్ళే వీల్లేదు. ఆడవాళ్ళ బాత్రూమును ప్రిన్సిపాల్ వరప్రసాదం ఆన్సరు పేపర్ల గదిగా మార్చి రెండేళ్ళయింది.

లెక్కల మేడమ్ నాగజ్యోతి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ముదిరి ఆస్పత్రిలో చేరాక, ఆడ లెక్చరర్లంతా తహసీన్ చుట్టూ మూగారు. "ఇంగ్లీషు మేడమ్‌వి నువ్వేగా, యాజమాన్యానికి రాయి" అన్నారు. రాసింది. సంతకం దగ్గరికొచ్చేసరికి ఒక్కరి చేతిలోనూ పెన్ను కదల్లేదు.

ఇంట్లో చెబితే షాకిర్ అన్నం కలుపుతూ అన్నాడు: "రాస్తే రాశావు గానీ పేరు పెట్టకు. పాయిఖానా గొడవలో నా పెళ్ళాం పేరు నానితే బజార్లో మన చెప్పుల కొట్టు తెరుచుకుని ఎలా కూర్చోవాలి నేను?" అత్త గౌస్ బీ నవ్వింది. "ఆడదన్నాక ఆపుకోవడం రావాలమ్మా. మేం ఆపుకోలేదూ?"

పేరు లేకుండానే పోస్టు చేసింది.

పదిరోజులకు స్టాఫ్ మీటింగులో వరప్రసాదం, యాజమాన్యం తనకే పంపేసిన ఆ ఉత్తరాన్ని గాల్లో ఊపాడు. "పేరు చెప్పుకునే దమ్ము లేనివాళ్ళది కూడా ఒక ఫిర్యాదేనా? తహసీన్ మేడమ్, అనానిమస్ అంటే ఏంటో మనవాళ్ళకి చెప్పండి. ఉదాహరణతో సహా."

మగ లెక్చరర్లు నవ్వారు. తహసీన్ లేచింది.

"పేరు తెలియని అని అర్థమండి. రాసిందెవరో ఎవరికీ తెలియనప్పుడు వాడతాం."

ఆ మాట తన చెవికే అబద్ధంలా తాకింది. తెలియనిదెవరికి? పక్కన కూర్చున్నవాళ్ళు ఒక్కో వాక్యం దగ్గరుండి రాయించారు. ఇంట్లో అందరికీ తెలుసు. ఈ ఇంగ్లీషు ఇంకెవరికీ రాదని ఈ ప్రిన్సిపాల్‌కూ తెలుసు, అందుకేగా తననే లేపాడు. పద్నాలుగేళ్ళుగా షాకిర్ భార్య, గౌస్ బీ కోడలు, ఇంగ్లీషు మేడమ్. తెలియక కాదు, పలకడం ఎవరికీ అవసరం లేదు. తనకు కూడా.

"ఉదాహరణ చెప్పలేదు మేడమ్."

"ఈ ఉత్తరం ఉదాహరణకి పనికిరాదండి. ఇది నేను రాశాను."

బల్ల దగ్గరికి వెళ్ళి, కాగితం కింద షేక్ తహసీన్ అని పూర్తిగా రాసింది. వెనక్కి తిరిగితే, ఆస్పత్రి నుంచి మొన్ననే తిరిగొచ్చిన నాగజ్యోతి ఫోన్లోకి చూసుకుంటోంది. తక్కినవాళ్ళు నేలచూపులు చూస్తున్నారు. "రేపట్నుంచి మీరు రానక్కర్లేదు" అన్నాడు వరప్రసాదం.

స్టేషన్ చేరేలోపే కబురు రేపల్లె చేరింది. షాకిర్ ఫోన్ చేశాడు.

"ఎవర్నడిగి పెట్టావ్ పేరు?"

"నా పేరేనండి."

"ఉద్యోగం ఊడిందిగా! ఇక నోర్మూసుకుని రైలెక్కి ఇంటికి రా."

రైలొచ్చింది. అందరూ ఎక్కారు. తహసీన్ మాత్రం గుంటూరు బస్సుకోసం బయటికి నడిచింది. కలెక్టరాఫీసులో ఇవ్వాల్సిన అర్జీకి మొదటి వాక్యం నడుస్తూనే కుదిరింది: నా పేరు షేక్ తహసీన్.