చిట్టియ్య వాగ్దాన కార్డు

జ్ఞానమ్మ ఈ ఆదివారం కూడా అదే అడుగుతుందని పాస్టరు విజయ్ పాల్‌కి తెలుసు. నెలాఖరు ఆదివారం ఆరాధన అయ్యాక ప్రశ్నల వేళ పెట్టింది ఆయనే. భీమవరం పక్కనున్న ఆ ఊరి చర్చికి వచ్చిన కొత్తలో, సందేహాలు దాచుకోకండి, నిలబడి అడగండి అని గొప్పగా చెప్పాడు. జనం అడిగారు. పక్కింటివాళ్ళు పెట్టిన ప్రసాదం తినొచ్చా, ఆడపిల్ల జుట్టు కత్తిరించుకోవచ్చా. అలాంటివాటికి జవాబులు ఆయన నాలుక చివరే ఉండేవి. ఈవిడ ప్రశ్నకే నెలకో జవాబు వెతుక్కోవాల్సి వస్తోంది.

జ్ఞానమ్మ లేచింది. చేతిలో అదే కార్డు.

"అయ్యగారూ, ఇది మా ఆయనకి దేవుడిచ్చిన మాటేనాండి?"

ఏటా కొత్త సంవత్సరం ఆరాధనలో స్టీలు పళ్ళెంలో వాగ్దాన కార్డులు బోర్లించి పెడతారు. ఎవరి చేతికి ఏ వాక్యం వస్తే, ఆ ఏడాదికి దేవుడు వాళ్ళకిచ్చిన మాట అదే. లేవలేనివాళ్ళ తరఫున పాస్టరు తీస్తాడు. జ్ఞానమ్మ భర్త, చేపల చెరువు కాపలాదారు చిట్టియ్య కిడ్నీలు రెండూ పాడై, వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్తూ, ఈ ఏడాది ఆ రోజు కుర్చీలోంచి లేవలేకపోయాడు. ఆయన కోసం పాస్టరు తీసిన కార్డులో చావవు, బతుకుతావు అనే వాక్యం వచ్చింది. సంఘమంతా చప్పట్లు కొట్టింది. ఫిబ్రవరిలో చిట్టియ్య, దేవుడు మాటిచ్చాక ఇంకా ఈ సూదులెందుకని ఆసుపత్రి మానేశాడు. పదకొండో రోజున పోయాడు.

అప్పటినుంచీ ప్రతి నెలా ఇదే ప్రశ్న. మార్చిలో, పరలోకంలో బతికే ఉన్నాడు కదమ్మా అన్నాడు విజయ్ పాల్. ఏప్రిల్‌లో, దేవుని చిత్తం మన బుద్ధికి అందదన్నాడు. మే నెలలో విశ్వాసానికి పరీక్ష అన్నాడు. జూన్‌లో జ్వరమని ప్రశ్నల వేళే ఎత్తేశాడు. ఏం చెప్పినా ఆవిడ బుద్ధిగా తల ఊపి, మళ్ళీ నెల అదే కార్డు పట్టుకుని లేచేది. ఒక్కసారైనా ఏడిస్తే ఓదార్చి పంపేవాడు. ఆవిడ ఏడవదే!

"అది దేవుడి మాట కాక ఇంకెవరిదమ్మా?" సంఘ కార్యదర్శి చంద్రరావు మాస్టారు విసుక్కున్నారు. "నెలనెలా ఇదేంటమ్మా? అయ్యగారు చెప్పారు కదా. ప్రార్థనతో ముగిద్దామండీ."

విజయ్ పాల్‌కి ఒళ్ళు మండింది. మాస్టారి మీద మండింది, ఆవిడ మీద మండింది, అందరికంటే ఎక్కువ తనమీద తనకే మండింది. పొద్దున తను చెప్పిన ప్రసంగమేమిటి? బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబు పక్కన స్నేహితులు ఏడు రోజులు ఊరికే కూర్చున్నంతసేపూ మంచివాళ్ళే, నోరు తెరిచి కారణాలు చెప్పబోయేసరికి దేవుడికి కోపం వచ్చిందని. ఆ కథ అడ్డం పెట్టుకుని ఈ పూట మౌనంగా తప్పించుకుందామనుకున్నాడు. కానీ ఊరుకోవడం జవాబు తెలియనివాడికి చెల్లుతుంది. తనకి తెలుసే!

ఆ కార్డు పళ్ళెంలోది కాదు. రెండు రోజుల ముందే ఏరి, బైబిలు అట్టలో దాచుకున్నాడు. అందరి ముందూ పళ్ళెం కలిపినట్టు కలిపి, అరచేతిలోది తీసిచ్చాడు. పాపం, కాస్త ధైర్యంగా ఉంటాడు కదా అనుకున్నాడు. చిట్టియ్య ఆసుపత్రి మానేశాడని తెలిసి ఇంటికి పరిగెత్తాడు కూడా. వెళ్ళు చిట్టియ్యా, డాక్టర్లూ దేవుడి బిడ్డలే అంటే, చిట్టియ్య నవ్వాడు. "మీ చేత్తోనే ఇప్పించాడు గదండీ. ఇంకా భయమేంటండి?" ఏరింది నేనేనయ్యా అన్న ఒక్క ముక్క అప్పుడంటే, ఆ మనిషి మర్నాడే బస్సెక్కేవాడు. అనలేదు. పరువు పోతుందని నోరు రాలేదు.

"మాస్టారూ, ఆగండి," అన్నాడు విజయ్ పాల్. మైకు పక్కన పెట్టాడు. "జ్ఞానమ్మా, అది దేవుడు తీసిన కార్డు కాదమ్మా. నేను ముందే ఏరిపెట్టి ఇచ్చాను. చిట్టియ్య మానేసినప్పుడైనా చెప్పాల్సింది. సిగ్గుపడి చెప్పలేదు."

చంద్రరావు మాస్టారు తల దించుకున్నారు. జ్ఞానమ్మ మీదికొస్తుందని, శాపనార్థాలు పెడుతుందని విజయ్ పాల్ ఎదురుచూశాడు. పెడితే బాగుండుననీ అనుకున్నాడు.

ఆవిడ కార్డుని ఒకసారి తిరగేసి చూసింది.

"ఇన్ని నెలలుగా ఆయనతో దెబ్బలాడుతున్నానండి అయ్యగారూ. మాటిచ్చి తప్పావన్నాను. అబద్ధాలకోరువన్నాను. నోటికెంత మాటొస్తే అంత మాటా అన్నాను దేవుణ్ణి."

కార్డు బల్లమీద పెట్టి కూర్చుంది. చెంగు తలమీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది.

"ముందు ఆయనకి క్షమాపణ చెప్పుకోవాలి. మీ సంగతి తరవాత చూస్తాను. అక్కడే ఉండండి."