రొట్టె మీద కోడిపుంజు

ఇటలీలోని మతేరా ఊళ్ళో గుహ ఇళ్ళు చూడ్డానికి టికెట్టు కొనాల్సి రావడమే బ్రూనాకి మింగుడుపడలేదు. తను పుట్టింది అలాంటి గుహలోనే మరి! చిన్నప్పుడే సర్కారు అందర్నీ ఖాళీ చేయించి తలో దిక్కుకీ పంపేసింది. ఇన్నేళ్ళకి సెలవుల్లో కొడుకు సవేరియో, మనవరాలు ఇలారియా ఆమెని తాముండే టొరీనో నగరం నుంచి తీసుకొచ్చారు.

లోపల ఎత్తు మంచం, దాని పక్కనే గాడిదని కట్టేసే చోటు. ముట్టుకోకుండా చుట్టూ తాడు కట్టారు.

"గాడిద పక్కన పడుకునేదానివా నాన్నమ్మా?" ఇలారియా ముక్కు మూసుకుంది.

"మీ నాన్న గురక కంటే అదే నయమే," అంది బ్రూనా.

ఆమె చూపు మాత్రం గూట్లో ఉన్న చెక్క ముద్ర మీదే ఉంది. అప్పట్లో పేటంతటికీ పొయ్యి ఒక్కటే. అందరి రొట్టెలూ అందులోనే కాలేవి గనక, ఏది ఎవరిదో తెలియడానికి ఇంటికో ముద్ర ఉండేది. వీళ్ళది కోడిపుంజు. "మీ పుంజు మా రొట్టెని పొడిచిందే!" అని పక్కింటి కొన్‌చెత్తా ప్రతిసారీ దెప్పేది. దెప్పుతూనే వేడి ముక్క విరిచి ఈమె చేతిలో పెట్టేది.

బయట అంగడిలో అలాంటి ముద్రలే అమ్ముతున్నారు. సవేరియో పుంజు బొమ్మది ఏరి తెచ్చాడు.

"తీసుకో అమ్మా, ఇంట్లో రొట్టె చేసినప్పుడు వేసుకుందువు."

బ్రూనా దాన్ని అరచేతిలో గట్టిగా అదుముకుంది. పుంజు అచ్చుపడింది. అది చెరిగిపోయేదాకా చూసి, ముద్ర కొడుక్కి తిరిగిచ్చేసింది.

"మన పొయ్యిలో కాలేది మన రొట్టె ఒక్కటే కదరా. ఇంకెవరి దాంతో కలిసిపోతుందని దీనికి ముద్ర?"