పోయినసారి పంపిన పొడి

క్యాంటీన్ మేనేజరు తమ కాఫీపొడి కొట్టుకు వచ్చి కూర్చున్నప్పటి నుంచీ ఆమెకు కాలు నిలవడం లేదు. తుడిచిన బల్లనే మళ్ళీ తుడుస్తోంది.

"ఏడాదంతా మీ దగ్గరే తీసుకుంటామండీ. పోయినసారి పంపారే, అచ్చం ఆ పొడే కావాలి," అన్నాడతను.

ఆమె భర్త ముఖం వెలిగింది. కాఫీ రుచి చెప్పడంలో ఆయన తర్వాతే ఎవరైనా అని పేరు. గింజలు లేతగా వేయించి, గుక్క నోట్లో తిప్పి, నారింజ తొక్కంటాడు, తేనంటాడు. కొన్నవాళ్ళు మాత్రం పుల్లగా ఉందని పొట్లాలు వెనక్కి తెస్తున్నారు. ఈ బేరమూ తప్పిపోతే కొట్టుకు తాళమే.

ఆయన హుషారుగా కాఫీ కలిపిచ్చాడు. మేనేజరు ఒక గుక్క తాగి కప్పు కింద పెట్టాడు.

"ఇది కాదండీ."

"ఇదేనండీ. నా దగ్గర రెండో రకం ఉండదు."

"మావాళ్ళు పాలు దండిగా పోసుకునే రకం. ఇందులో పాలు పడితే కాఫీని వెతుక్కోవాలి," అంటూ లేవబోయాడు.

ఆమె గుడ్డ బల్ల మీద పడేసి అడ్డం వచ్చింది.

"పోయినసారివి నేను వేయించానండీ," అంది గబుక్కున. "ఈయన ఊళ్ళో లేరు. మా అక్క ఫోన్ చేసి వాళ్ళాయన్ని తిట్టడం మొదలెట్టింది. వింటూ కూర్చుంటే గింజలు నల్లబడ్డాయి. పారేయడానికి మనసొప్పక పంపేశాను."

"మాడ్చినవి నా పేరు మీద పంపావా?" అన్నాడు భర్త నెమ్మదిగా.

"మాడ్చారో ఏం చేశారో, మళ్ళీ అలాగే మాడ్చండి. నేను కూర్చుంటాను," అన్నాడు మేనేజరు.

భర్త గింజలు డ్రమ్ములో పోసి మంట పెట్టాడు. "ఎక్కడ ఆపాలో నువ్వే చెప్పు."

డ్రమ్ము గరగర తిరిగింది. గింజలు చిటపటమనగానే ఆయన చెయ్యి అలవాటుగా మీట మీదికి వెళ్ళింది.

"ఇంకా," అంది.

సన్నగా పొగ లేచింది. మగవాళ్ళిద్దరూ తన ముఖంలోకే చూస్తున్నారు. ఆ రోజు ధ్యాసంతా ఫోన్లోనే ఉంది, వాసన ఎక్కడ చూసింది? అయినా మరికాసేపటికి ఘాటుగా, తీపిగా, తనకు బాగా తెలిసిన వాసన ముక్కుకు తగిలింది.

"ఆపండి."

ఆయన మీట లాగాడు. నల్లని గింజలు నిగనిగలాడుతూ జల్లెట్లో పడ్డాయి.

"ఫోన్లో ఉన్నదానివి, ఇదేనని నీకెలా తెలుసు?"

"మిగిలింది దాచుకున్నాను. రోజూ అదే తాగుతున్నాను."

"మరి పొద్దున్నే నేను కలిపిచ్చేది?"

ఆమె మేనేజరుకు పాలు కాచే వంకతో లోపలికి వెళ్ళింది.