చుట్ట చుట్టి దాచిన వైరు

యూనిఫారాలు కుట్టే షెడ్డులో ఆమెను అందరూ ముందుజాగ్రత్తమ్మ అంటారు. గ్యాస్ కట్టేశానో లేదో అని బస్సు దిగి వెనక్కి నడిచిన రోజులు ఆమెకు ఎన్నో ఉన్నాయి. చినుకు పడితే వరద, పిల్ల తుమ్మితే నిమ్ము. అలాంటి మనిషి ఇంట్లో, కూతురి చదువుకి పనికొస్తుందని, బావగారు తమ పాత కంప్యూటర్ తెచ్చి పెట్టారు. ఆమె కంటికి మాత్రం మొదటి రోజే అది కంప్యూటర్‌లా కాక మంటలా కనిపించింది.

అందుకే రోజూ పనికి వెళ్లేముందు దాని కరెంటు వైరు రెండు వైపులా పీకేది. అరచేతికి బిగించి చుట్ట చుట్టి, గుడ్డపేలికతో ముడేసి, కుట్టుమిషన్ సొరుగులో పడేసేది. సాయంత్రం కూతురు కాలేజీ నుంచి వచ్చి ముడి విప్పి తగిలించుకునేది. ఇలా ఏడాదిన్నర గడిచింది.

ఈమధ్య కంప్యూటర్‌కి కొత్త రోగం పట్టుకుంది. పాఠాలు వింటుంటే ఏమీ కాదు. ఆట మంచి పట్టులో ఉండగా మాత్రం తెర నల్లబడి, దానంతట అది ఆరిపోయి మళ్లీ మొదలవుతుంది. పిల్ల ఆడేది ఆన్‌లైన్‌లో తుపాకుల ఆట, అయిదుగురు అమ్మాయిల జట్టులో. ఆదివారం మూడింటికి పోటీలకు ఎంపిక. ఇంకొక్కసారి మధ్యలో మాయమైతే నీ చోట వేరేవాళ్లని తీసుకుంటామని జట్టు పెద్ద చెప్పేసింది. ఇది చాలదన్నట్టు బావగారు ఫోన్ చేశారు.

"చదువుకోమని ఇస్తే ఆటలాడి పాడు చేసిందట కదమ్మాయ్. ఆదివారం వచ్చి పట్టుకుపోతాను."

పోతే పోనీ, పిల్ల కళ్లయినా మిగులుతాయి అని ఆమె మనసులో సగం అనుకుంది. మిగతా సగం పిల్ల ముఖం చూసి ఊరుకుంది.

శనివారం పొద్దున్నే ఇద్దరూ కంప్యూటర్ పెట్టెను దుప్పటిలో చుట్టి మెకానిక్ దగ్గరికి మోసుకెళ్లారు. పెట్టె ఒక్కటి తెస్తే చాలు, వైర్లు తన దగ్గరే ఉన్నాయని అతను ముందే చెప్పాడు. మూత విప్పాడు. దుమ్ము ఊదాడు, ఫ్యాన్ తిప్పి చూశాడు, లోపల వేడి ఎంతుందో చూశాడు. అదే ఆట గంటసేపు నడిపాడు. ఒక్కసారి కూడా ఆగలేదు.

"నిక్షేపంలా ఉంది కదమ్మా."

"ఇంట్లో పది నిమిషాలకోసారి ఆరిపోతోంది అన్నా" అంది పిల్ల.

"పాత పెట్టె, ఆటేమో బరువు. ఆట మానెయ్, రోగం పోతుంది."

"అదే ఆట ఇక్కడ గంట నడిచింది కదా."

"ఆడపిల్లవి, నీకెందుకమ్మా ఈ తుపాకుల గోల" అని నవ్వాడు మెకానిక్.

ఆ నవ్వు ఆమె ఎరిగినదే. మిషన్ దారం తెంపుతుంటే షెడ్డులో సూపర్‌వైజర్ కూడా అలాగే నవ్వి, నీ చెయ్యే మంచిది కాదంటాడు. అప్పుడు తల దించుకుని కుట్టుకునేది. ఇప్పుడు మాత్రం తల దించలేదు.

"దారం తెగుతుంటే కుట్టడం మానెయ్యమనరు బాబూ. ఎందుకు తెగుతోందో చూస్తారు. నువ్వు చూడకపోతే నేనే చూసుకుంటా."

"నువ్వా అక్కా" అన్నాడతను. ఆమె అప్పటికే దుప్పటి పరుస్తోంది.

ఇంటికొచ్చి అన్నీ తగిలించాక, "ఆడు, నేనిక్కడ కూర్చుంటా" అని కూతురికి చెప్పి నేలమీద చతికిలబడింది. పిల్ల ఆడుతుంటే, జ్వరం చూసినట్టు అరచేతి వెనకవైపుతో ఒక్కొక్కటీ తాకి చూసింది. గోడ దగ్గర ప్లగ్గు చల్లగా ఉంది. పెట్టె పక్కలు గోరువెచ్చగా ఉన్నాయి. వెనకాల వైరు దూరే చోట మాత్రం చెయ్యి చురుక్కుమంది. అంతలోనే తెర నల్లబడింది.

"స్విచ్చి ఆపెయ్" అంది.

వైరు పీకి వేళ్లతో నలిపింది. పైన రబ్బరు బాగానే ఉంది. కొసకు బెత్తెడు ఇవతల, సరిగ్గా ఆమె రోజూ మడత పెట్టే చోట, మెత్తగా చచ్చుబడి ఉంది. కుట్టుమిషన్ పెడల్ వైరు కూడా ఇలాగే పోతుంది. పైకి నిండుగా ఉంటుంది కానీ లోపల పోగులన్నీ తెగి, రెండో మూడో మిగులుతాయి. సన్నదారంతో జేబురుమాలు కుట్టొచ్చు, పరుపు కుట్టబోతే పుటుక్కుమంటుంది. పాఠాలు జేబురుమాలు, ఆట పరుపు. మెకానిక్ కొట్లో ఉన్నది అతని వైరు కాబట్టి అక్కడ రోగమే లేదు.

రోగం ఎవరు తెచ్చారో కూడా తెలిసిపోయింది. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చుంది ఆమె. నోరు మెదపకపోతే రేపు బావగారు వస్తారు, పెట్టె పోతుంది, దానితో ఆటా పోతుంది, మంటల భయమూ పోతుంది. ఎవరికీ తెలియదు కూడా.

"ఏమైందమ్మా?"

"పాడు చేసింది నేనే" అంది ఆమె. "లే, కొత్త వైరు తెద్దాం."

ఆదివారం మూడు కావస్తుండగా బావగారు గోనెసంచీతో దిగారు. ఆమె స్విచ్చిబోర్డుకు అడ్డంగా స్టూలు వేసుకుని కూర్చుంది.

"లే అమ్మాయ్, విప్పుకుంటాను."

"అయిదింటిదాకా లేవను బావగారూ."

ఇరవయ్యేళ్లలో ఆయన మాట ఆమె కాదనడం అదే మొదలు. ఆయన పిల్ల వైపు చూశారు. "పాడు చేసిందాన్ని వెనకేసుకొస్తున్నావా?"

"పాడు చేసింది అది కాదు. నేను. కాలిపోతుందేమోనని రోజూ వైరు పీకి చుట్ట చుట్టాను, లోపల తెగింది."

"సరే, వైరే అనుకో. ఈ ఆటలెందుకు పిల్లకి?"

"నాకూ నచ్చదు. కళ్లు పోతాయని భయం, నిద్ర చెడుతుందని భయం. కానీ తెగింది వైరైతే శిక్ష పిల్లకి వెయ్యను. మీరు పట్టుకుపోతానంటే ముందు నన్ను లేపాలి."

"పెదనాన్నా, మొదలైంది" అంది పిల్ల వెనక్కి తిరక్కుండా.

ఆయన సంచీ ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. రెండు గంటలు ఆ గదిలో పిల్ల గొంతు తప్ప ఇంకేమీ వినిపించలేదు. ఆమె తెర చూడలేదు. వైరు కొసనే చూస్తూ, మధ్యమధ్య పెట్టె వెనక్కి చెయ్యి పెట్టి తాకింది. చల్లగానే ఉంది. తెర ఒక్కసారి కూడా నల్లబడలేదు.

"అమ్మా, పోటీలకు మమ్మల్ని తీసుకున్నారు" అంది పిల్ల, చెవుల మీది హెడ్‌ఫోన్ తీస్తూ.

బావగారు సంచీని నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకున్నారు. "మొండిదానివే" అన్నారు గుమ్మం దగ్గర.

"అవునండీ" అంది ఆమె.

సోమవారం పనికి బయల్దేరుతుంటే అలవాటుగా చెయ్యి వైరు మీదికి పోయింది. స్విచ్చి ఒక్కటే ఆపి, వైరును అలాగే వదిలి తలుపు వేసింది. బస్‌స్టాపులో నిలబడ్డాక అనుమానం పట్టుకుంది. స్విచ్చి ఆపానా? ఇంటి వైపు తిరిగింది. బస్సు వచ్చింది.

ఎక్కి కూర్చుంది.