తొట్టి కింద తొట్టి

ఆ ఆదివారం యాప్రాల్ ఇంట్లో ఉన్నది రమణబాబు బాబాయి, పూజిత పిన్ని, కళ్ళు చూపించుకోవడానికి ఊరినుంచి వచ్చిన నానమ్మ, నేను. పొద్దున్నే పైపులూ డ్రిల్లు మిషనూ పట్టుకుని ప్లంబరు లాల్ వచ్చాడు. మేం కాక హాల్లో గోడ పొడవునా ఉన్న గాజుతొట్టిలో ఆస్కార్ చేపలు. ఇంట్లో అందరికన్నా ఎక్కువ తినేవీ అవే, ఎక్కువ పని పెట్టేవీ అవే.

ఆ పని నాది. తుని దగ్గర మా ఊళ్ళో పదో తరగతి పాసై, ఇంటర్ చదవడానికి బాబాయి ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ తెల్లారగానే ట్యూబుతో మురికినీళ్ళు లాగి పారబోస్తాను. కింద బోరు కుళాయి దగ్గర మంచినీళ్ళు పట్టి, మెట్లెక్కి తెచ్చి తొట్టిలో పోస్తాను. ఒక్క రోజు మానితే నీళ్ళు పచ్చబడతాయి. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. అంతా అయ్యేసరికి భుజాలు లాగేసి, పుస్తకం పట్టుకుంటే కునుకు వచ్చేస్తుంది.

సోమవారం నుంచి ఏ.ఎస్. రావు నగర్‌లో మా కాలేజీవాళ్ళు తెలుగు మీడియం పిల్లలకు పొద్దున్నే ఇంగ్లీషు క్లాసు మొదలుపెడుతున్నారు. అది వినకపోతే ఇంటర్లో పాఠాలు నాకు ఒక్క ముక్క అర్థం కావు. క్లాసూ, బకెట్లూ ఒకే వేళకి. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. కాలేజీ కాగితం చూసి బాబాయే అన్నాడు:

"సంపు కట్టేస్తానే లోవా. అది నడిచిందంటే వారానికోసారి నీళ్ళు మారిస్తే చాలు. నువ్వు హాయిగా క్లాసుకెళ్ళు."

సంపు అంటే పెద్దతొట్టి కింద పెట్టే చిన్న గాజుతొట్టి. పైన పొర్లిన నీళ్ళు పైపులోంచి దిగి, స్పాంజీ, గులకరాళ్ళూ ఉన్న అరల్లో వడగట్టుకుని, చివరి అరలోకి చేరతాయి. అక్కడున్న మోటారు వాటిని ఇంకో పైపులో మళ్ళీ పైకి తోస్తుంది. ఎలా కట్టాలో ఆఫీసులో ఇంటర్నెట్ చూసి తీసిన కాగితాలు బాబాయి నేలంతా పరిచాడు.

"సార్, గీ కాయితాలు జెర పక్కకు వెట్టుండ్రి. గమ్ము అంటుకుంటది," అన్నాడు లాల్. "గీ పైపు వట్టుకోండ్రి ముందుగాల."

"పట్టుకుంటాలే. ఇవాళ్టికి నేను నీ దగ్గర అప్రెంటిస్‌ని."

"మా పన్ల ఆదివారం సుత సెలవుండది సార్, ఆలోచించుకోండ్రి."

"మాకు మాత్రం ఉందేంటి?" అన్నాడు బాబాయి. నవ్వాడు గానీ కళ్ళ కింద వాపు అలాగే ఉంది.

మధ్యాహ్నానికి మోటారు వేశారు. నీళ్ళు కిందికి దిగి, పైకెక్కి, ధారగా తొట్టిలో పడ్డాయి. నేను గోడకి జారబడి అలా చూస్తూ ఉండిపోయాను. వాటంతటవే ఎక్కుతున్నాయి. నా చేతులు ఒళ్ళో ఉన్నాయి.

లోపల్నుంచి పిన్ని వచ్చింది. "ఏంటండీ ఆ చప్పుడు? బాత్రూంలో కుళాయి వదిలేసినట్టుంది. రాత్రి నేను పడుకోవద్దా?"

చప్పుడు రాకుండా లాల్ నీళ్ళు పైకి తెచ్చే పైపుకి ఇంకో ముక్క అతికించి, కొసని తొట్టి అడుగుదాకా దించాడు. "గంత లోపల్కి వెడితే కరెంటు పోయినప్పుడు నీళ్ళన్నీ ఎన్కకు గుంజుతయి సార్," అన్నాడు.

బాబాయి కాగితాలు తిరగేశాడు. "అవును, నీటి మట్టానికి కొంచెం కింద పైపుకి చిన్న కన్నం కొట్టాలని ఉంది. నీళ్ళు తగ్గగానే అందులోంచి గాలి దూరి ఆగిపోతాయట. కొట్టేద్దాం."

అంతలో లాల్ ఫోను మోగింది. ఎవరింట్లోనో ట్యాంకు కారుతోందట. సాయంత్రం వచ్చి కొడతానని డ్రిల్లు సర్దుకుని వెళ్ళాడు. ఇవాళ కరెంటు పోదులే అని బాబాయి భోంచేసి పడుకున్నాడు.

కరెంటు పోలేదు. నాలుగింటికి మబ్బు పట్టి ఉరిమింది. నేను డాబా మీద బట్టలు తీస్తున్నాను. మా ఊళ్ళో మొదటి ఉరుముకే ఎవరింట్లో వాళ్ళు లేచి మెయిను తీసేస్తారు. నానమ్మ అదే చేసింది.

నేను దిగొచ్చేసరికి కింది తొట్టి పొర్లి హాలంతా నీళ్ళు. నానమ్మ కాళ్ళు పైకి పెట్టుకుని సోఫాలో కూర్చుంది.

"ఒసే లోవా, నీ చేపలపెట్టి ఉచ్చ పోసేసుకుంటందే!"

బాబాయి పరుగున వచ్చి పైపుని నీళ్ళలోంచి పైకి లాగాడు. అప్పటికే చేపల వీపులు తేలుతున్నాయి. పాత చీరలు, లుంగీలు, చివరికి నా తువ్వాలు కూడా వేసి తుడిచాం. తొట్టి నిండేదాకా మళ్ళీ బకెట్లు మోశాను.

"ఉరుముతుంటే మెయిను ఉంచుతారేటి? టీవీ పేలిపోదా?" అంది నానమ్మ.

"మీరు ఊరుకోండత్తయ్యా." పిన్ని గుడ్డ పిండుతూ బాబాయివైపు తిరిగింది. "కరెంటు పోయినా మళ్ళీ ఇదే. ఆ మోటారు తీసెయ్యండి. లోవ ఉందిగా, పొద్దున్నే మారుస్తుంది."

బాబాయి లాల్‌కి ఫోన్ చేశాడు. వానకి బండి స్టార్టు కావడం లేదట, ఇవాళ రాలేడట. ఆ ఫోను పెట్టీపెట్టగానే ఆఫీసు ఫోను. బాబాయి లాప్‌టాప్ తీసుకుని గదిలోకి వెళ్ళాడు.

కావలసింది ఒక్క కన్నం. మా ఊళ్ళో పైపుకి కన్నం పెట్టడానికి డ్రిల్లు కోసం ఎవరూ చూడరు, మేకు కాల్చి గుచ్చుతారు. పంపు దగ్గర మా నాన్న చేస్తుంటే పైపు పట్టుకున్నదాన్ని నేనే. వంటింట్లోకి వెళ్ళి పట్టకారుతో మేకు పట్టి స్టవ్వు మీద ఎర్రగా కాల్చాను. కానీ అడక్కుండా ఆ తొట్టి మీద చెయ్యి వెయ్యలేను. అలాగే పట్టుకుని గది ముందుకొచ్చి వేలితో తలుపు తట్టాను. వినపడలేదేమో. ఇంకోసారి తట్టాను.

చెవిలో వైరుతో బాబాయి తలుపు తీశాడు.

"బాబాయ్, ఆ కన్నం..."

మైకుకి చెయ్యి అడ్డం పెట్టాడు. "కాల్‌లో ఉన్నానమ్మా. వచ్చే ఆదివారం లాల్‌ని పిలుద్దాం. ఈ వారం నువ్వే మార్చెయ్, ఏం?"

"రేపు క్లాసు..." అన్నాను మెల్లగా. మేకు చూపిద్దామని పట్టకారు కాస్త ఎత్తాను.

బాబాయి చూపు అప్పటికే వెనక్కి, స్క్రీన్ మీదికి వెళ్ళిపోయింది. "యా, యా, ఐయామ్ హియర్," అంటూ చప్పుడు కాకుండా తలుపు మూసేశాడు.