జత తప్పిన తామరలు

గాజు పనివాడు ఓర్సెస్ కొలిమి దగ్గర సాగలాగే గాజు కడ్డీలో ఎప్పుడూ సగం తామరే ఉండేది. కడ్డీని పల్చటి బిళ్లలుగా కోసి, పక్కపక్క బిళ్లలు రెండు తీసుకుని, ఒకదాన్ని తిరగేసి రెండోదానికి ఆనిస్తే నిండు పువ్వయ్యేది. కడ్డీ పొడవునా రేకుల తీరు కొద్దికొద్దిగా మారుతుంది గనుక ఏ బిళ్లకైనా దాని పక్కదే జత. అలెగ్జాండ్రియా గాజువీధిలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు.

ఓర్సెస్ మేనకోడలు తనూఫిస్‌కు మరీ బాగా తెలుసు. పన్నెండేళ్లుగా కొయ్యడం, జతపరచడం ఆమె పనే. అయినా ఆ రోజు ఆమె మోచెయ్యి తగిలి పళ్లెం బోర్లాపడింది. ఐసిస్ దేవత గుడికిచ్చే పెట్టె కోసం కోసిన నలభై బిళ్లలూ కలగలిసిపోయాయి. చుట్టుపక్కల ఎవరూ లేరు. ఏరి, కంటికి కుదిరినట్టు జతలు కట్టి, పెట్టె మూతకు జిగురుతో అంటించేసింది.

మర్నాడు మామ మూతను వెలుగుకి వంచి చూశాడు.

"అక్కచెల్లెళ్లలా ఉండాల్సినవి తోడికోడళ్లలా మొహాలు తిప్పుకున్నాయేమే?" అని నవ్వాడు.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. జతలు తప్పాయేమోనని ఆయన అడగనైనా లేదు. కడ్డీ లాగేటప్పుడు తన చెయ్యే వణికి గాజు మెలిపడి ఉంటుందన్నాడు. ఇంక కొలిమి దగ్గరికి రానన్నాడు. తనూఫిస్ నోరు తెరిచింది గానీ, ఎండలు ఎక్కువగా ఉన్నాయి మామా అని మాత్రం అనగలిగింది.

మూడు రోజులు ఆయన గుమ్మంలో కూర్చుని చిక్కుళ్లు ఒలిచాడు. బార్లీ కల్లు ముంత ఎత్తి పట్టుకుని, తాగకుండా, లోపల కల్లు కదులుతోందా అని చూసుకునేవాడు. మూడో రోజు పటకారు తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు.

"ఇంక నువ్వే లాగు. నీ చెయ్యి ఏనాడూ తప్పలేదు."

ఆమె పటకారు పక్కన పెట్టి లేచింది. మూత తెచ్చి, కత్తిమొన వేడిచేసి బిళ్లలన్నీ ఊడదీసింది. ఒకదానికి అసలు జత వెతికి, తిరగేసి ఆనించింది. రేకులు కలిశాయి.

"నీ కడ్డీకేం కాలేదు మామా. పళ్లెం నేను పడేశాను."

"ఎప్పుడు?"

"మూత నీకు చూపించకముందే."

ఆయన ఆ పువ్వు మీద వేలు రాశాడు.

"మూడు రోజులు ఈ చేతుల్ని తిట్టుకున్నానే," అన్నాడు.

పటకారు తీసుకుని కొలిమి వైపు వెళ్లాడు. మిగిలిన ముప్ఫై ఎనిమిది బిళ్లలు ముందేసుకుని తనూఫిస్ కూర్చుంది. ఒక్కో జత కుదిరినప్పుడల్లా ఆమె తల ఇంకాస్త కిందికి వంగింది.